ఇంద్రభవనం కాదు, లంకంత ఇల్లు

ఆ ఇంట్లో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. భర్త సరదాకి పెట్టిన పేరు కొంపదీసమ్మ. పెళ్ళయిన కొత్తలో పెట్టాడు, అదే నిలిచిపోయింది. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, "కొంపదీసి బ్రేకులు గానీ ఫెయిలయ్యాయేమో" అంటూ వీధి గుమ్మంలో నిలబడేది. కూతురు ఫోను తీయకపోతే "కొంపదీసి లిఫ్టులో ఇరుక్కుందేమో". కుక్కరు కూత వేయకపోతే పేలుతుందేమోనని భయం, వేస్తే అడుగంటిందేమోనని భయం. ఎవరైనా తుమ్మితే వాళ్ళకంటే ముందు ఆమెకి జ్వరం వచ్చేది.

అలాంటి మనిషి కథలు రాస్తుందంటే ఎవరూ నమ్మరు. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. అయినా కథకి కావలసిన సరుకేమిటి, ఏదో జరగబోతోందన్న అనుమానమే గదా. అది ఆమె దగ్గర బస్తాల కొద్దీ ఉంది. వంట ముగిసి, స్టవ్ ఆపిందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుని, భోజనాల బల్ల మీద తెల్లకాగితాలు పరుచుకునేది. చిన్న చిన్న కథలు ఒకటో రెండో వారపత్రికలో వచ్చాయి కూడా. ఈసారి పెద్ద కథ రాసి పంపింది. పంపిన రోజు నుంచి పోస్టులో పోయిందేమోనని బెంగ.

ఒక మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతుంటే తెలియని నెంబరు నుంచి ఫోను మోగింది.

"ఎవరికేమైంది బాబూ?" అంది, హలో కూడా అనకుండా.

"ఎవరికీ ఏమీ కాలేదు మేడమ్. వారపత్రిక ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా, సబ్ ఎడిటర్ని. మీ కథ ప్రత్యేక సంచికకి తీసుకున్నాం."

ఆమె చేత్తో తడుముకుంటూ కుర్చీలో కూర్చుంది. మంచి కబురు వింటే ఏమనాలో ఆమెకి అలవాటు లేదు.

"కొంపదీసి పొరపాటున కాదు కదా?"

అతను నవ్వాడు. "పొరపాటేం లేదు. కథ బాగుంది. ఒక్క ఆ ఇంటితోనే ఇబ్బంది."

"ఏ ఇల్లు?"

"కథలో కోడలు ఉంటుందే, ఆ ఇల్లు. మీరు రాసింది మీకే చదువుతాను వినండి. 'లంకంత ఇల్లు. జారితే నడుము విరిగే నేల. కింద నిలబడితే ఎప్పుడు నెత్తిన పడుతుందోననిపించే గాజు దీపాల గుత్తి. ముందు గదిలో నవ్వితే వెనక గదికి వినపడదు, వెనక గదిలో ఏడిస్తే ముందు గదికి వినపడదు.' ఏమిటి మేడమ్ ఇది? ఇల్లు చూపిస్తున్నారా, ప్రమాద హెచ్చరిక రాస్తున్నారా?"

"ఇల్లే బాబూ."

"మన పాఠకులు రెండు గదుల ఇళ్ళలో ఉంటారు. కథలోకి ఓ పెద్దిల్లు వస్తే వాళ్ళ కళ్ళు చెదరాలి. ఇంద్రభవనంలాంటి ఇల్లు అనండి. పాలరాతి సౌధం అనండి. రాజసం ఉట్టిపడే హాలు, వెన్నెలలా మెరిసే నేల, ఇలాంటివి పడాలి. పైగా లంక అంటే మరీను. అది తగలబడిపోయిందిగా. ప్రత్యేక సంచికలో ఆ మాటెందుకు? కథ ముట్టుకోవద్దు, ఇంటి మాటలు మాత్రం మార్చి శుక్రవారానికి పంపండి."

"అలాగే బాబూ," అంది.

డాక్టరు ఏం చెప్పినా అలాగే, కండక్టరు చిల్లర లేదన్నా అలాగే, పక్కింటావిడ చెత్తబుట్ట వీళ్ళ గుమ్మం ముందు పెట్టినా అలాగే. నోటికి అలవాటైన మాట. ఈసారి మాత్రం ఫోను పెట్టేశాక ఆ మాట గొంతులో ముల్లులా అడ్డంపడింది. నీళ్ళు తాగినా దిగలేదు.

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి రాగానే సంగతి చెప్పింది. అమ్మాయి చెప్పులు కూడా విడవకుండా తల్లిని కావలించుకుంది.

"దీనికింత దిగులేంటమ్మా? నువ్వు సరిగ్గా రావలసిన మనిషి దగ్గరికే వచ్చావు. నా ఉద్యోగమే అది."

నిజమే. అమ్మాయి ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో పనిచేస్తుంది. అమ్మకానికొచ్చిన పెద్ద పెద్ద ఇళ్ళ గురించి రంగురంగుల కరపత్రాల్లో వేసే మాటలు రాయడం ఆమె పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్ని సౌధాలు కట్టేస్తుందో ఆమెకే తెలియదు.

భోజనాల దగ్గర కూర్చున్న డ్రైవరుగారు అడిగాడు. "నువ్వు రాసేవన్నీ నిజమేనా అమ్మడూ?"

"అబద్ధం ఒక్కటి కూడా ఉండదు నాన్నా. చదవడం తెలియాలంతే. 'ప్రశాంత వాతావరణం' అంటే ఆ వైపు బస్సు రాదు. 'ముచ్చటైన పడకగది' అంటే మంచం వేశాక తలుపు మూయలేం. 'పాతకాలపు హుందాతనం' అంటే గోడలకి చెమ్మ పట్టింది."

"మరి 'గాలీ వెలుతురూ ధారాళం' అంటే?"

"కిటికీల అద్దాలు పగిలాయని."

ఆయన పొలమారేలా నవ్వాడు. కొంపదీసమ్మ నవ్వలేదు, మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికి అందిస్తూ వీపు నిమిరింది. "నవ్వుతూ తినకండి, గొంతులో పడుతుంది."

ఎంగిలి పళ్ళాలు పక్కకి జరిపి తల్లీకూతుళ్ళు మాటల వేటలో పడ్డారు. అమ్మాయి ఒక్కో మాటా అందిస్తే తల్లి ఒక్కోదాన్ని తిప్పికొట్టింది. భవంతి అంటే సినిమాలో విలన్ ఉండేది. బంగళా అంటే పెద్ద ఆఫీసరుది, బదిలీ అయితే ఖాళీ చేసి పోవాలి.

"హర్మ్యం?"

"హెర్నియాలా ఉంది. ఆపరేషన్ చేయించాలేమో అనిపిస్తుంది."

"మహా సౌధం?"

"ఆ సౌధంలో కాపురం చేసేవాళ్ళెవరైనా 'మా సౌధానికి రండి' అని పిలవగా విన్నావా?"

"కథలో అనొచ్చమ్మా."

"కథలో అయినా కొంప మునిగింది అనే అంటారు, భవనం మునిగింది అనరు," అంది తల్లి చాలా సీరియస్‌గా. "మునిగేది, అంటుకునేది, కూలేది, ఏదైనా కొంపే. సౌధాలకి ఏమీ కాదు. ఏమీ కాని ఇంటి గురించి నేనేం రాయను?"

అమ్మాయికి ఓపిక తగ్గింది. "సరే, ఇక వాదించకు. ఆయన అడిగిన మాట పెట్టి చదువుతా, ఎలా ఉందో విను."

కాగితం అందుకుని గొంతు సవరించుకుంది. "'ఇంద్రభవనంలాంటి ఆ ఇంటి వెనక వరండాలో ఆమె జారిపడింది. పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. ముందు గదిలో ఎవరో నవ్వుతున్నారు.'"

చదివి, నొసలు చిట్లించింది. "అదేంటి? ఇంద్రభవనంలో పిలిస్తే ఎవరూ రాకపోవడమేంటి? అక్కడ చిటికేస్తే పదిమంది పరిగెత్తుకు రావాలి కదా. ఇది ఎవరూ నమ్మరే."

"పాత మాట పెట్టి చదువు," అన్నాడు తండ్రి.

"'లంకంత ఇల్లు. వెనక వరండాలో ఆమె జారిపడింది. పిలిచింది. ఎవరూ రాలేదు.'"

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "లంకంత అంటే ముందే తెలిసిపోతోంది, లోపల ఎవరో ఒకరు ఏడుస్తున్నారని."

అమ్మాయి కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది పెద్దమ్మ సంగతి కదమ్మా?"

కొంపదీసమ్మ పళ్ళాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అక్క సంగతే. చిన్నప్పుడు అక్క గొంతు ఎలాంటిదంటే, గుమ్మంలో నిలబడి చెల్లెల్ని పిలిస్తే వీధి చివర ఆడుకునే పిల్లలందరూ తమనేనేమో అనుకుని వెనక్కి తిరిగేవారు. ఆ అక్కకి కలప వ్యాపారం చేసే ఇంటి సంబంధం కుదిరింది. ఆ ఇల్లు చూసొచ్చిన ప్రతి చుట్టమూ ఒకే మాట అన్నాడు, "ఇంద్రభవనంలో పడింది మీ పిల్ల" అని. అన్నట్టే పడింది. వెనక వరండాలో, కడిగిన నున్నటి రాతి మీద. అప్పుడు ముందు హాల్లో బావగారు వ్యాపారం మాట్లాడటానికి వచ్చినవాళ్ళతో నవ్వుతూ కూర్చున్నాడు. అక్క మధ్యాహ్నమంతా పిలుస్తూనే ఉంది. దీపాలు వెలిగించే వేళకి పనిమనిషి చూసింది. తుంటి ఎముక అతికింది గానీ వంకరగా అతికింది, ఇప్పటికీ కుంటుతుంది. చూడటానికి వచ్చిన చుట్టాలు అప్పుడు కూడా, "పోనీలే, ఇంద్రభవనంలాంటి ఇల్లు, దేనికీ లోటు లేదు" అనే అన్నారు. అక్క మాత్రం ఆ తర్వాత గొంతు పెంచడం మానేసింది.

ఆ వారపత్రిక ప్రతి వారం ఆ ఇంటికి వస్తుంది. ముందు బావగారు చదివి, తర్వాత లోపలికి పంపిస్తాడు. మాట మారిస్తే కథ ప్రత్యేక సంచికలో వస్తుంది, బావగారు కూడా చదివి బాగుందంటాడు, అక్క మీదకి మాట రాదు. మార్చకపోతే కథ పోతుంది, ఒకవేళ అలాగే అచ్చయితే పుట్టింటి తరఫున ఆ ఇంటికి మిగిలిన ఒక్క రాకపోకా పోతుంది. గిన్నెలు తోముతూ ఆమె ఇదంతా లెక్కేసుకుంది. ఎటు చూసినా మార్చడమే మేలని తేలింది. అంత స్పష్టంగా తేలినందుకే ఒళ్ళు మండింది.

మర్నాడు కాగితాలు సంచిలో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళింది.

ఎప్పటిలాగే పక్క గేటు లోంచి వెళ్ళింది. ఆ ఇంటి ముందు గుమ్మం ఆమె ఎన్నడూ తొక్కలేదు. తొక్కవద్దని ఎవరూ అనలేదు, తొక్కమని కూడా అనలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ ఆసరాగా, ఆ వరండా నేల మీద పిల్లిలా నడిచింది. వెనక గదిలో అక్క కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుడుతోంది.

"ఏమే, ఎవరికేమైంది?" అంది అక్క.

"ఎవరికీ ఏమీ కాలేదు. కథ రాశాను."

"నా మీదా?"

చెల్లెలు కాగితాలు చేతికిచ్చింది. అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. మధ్యలో ఒకచోట ఆగి, వరండా వైపు చూసి, మళ్ళీ చదివింది.

"పేరు ఎక్కడా రాయలేదక్కా."

"ఈ నేలకి పేరెందుకే. చూస్తే తెలియదూ." కాగితాలు జాగ్రత్తగా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ పత్రిక కుర్రాడు ఏమంటాడు?"

"ఇంద్రభవనం అని మార్చమంటున్నాడు."

"మార్చేయ్. మీ బావ చదివితే ఒంటికాలి మీద లేస్తారు. ఈ వయసులో ఇంట్లో రభస నేను పడలేను. నిన్ను గడప తొక్కనివ్వరు."

"అందరూ అన్నారుగా అక్కా, నువ్వు ఇంద్రభవనంలో పడ్డావని."

"అన్నారు."

"పడ్డావుగా మరి."

అక్క ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వు పొంగుకొచ్చింది. భుజాలు ఊగిపోయాయి, ఒళ్ళోంచి బొత్తాలు నేల మీదకి దొర్లాయి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అంత నవ్వూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. మధ్యలో గుమ్మం వైపు కూడా చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. ఆ గదిలోంచి కేకేస్తేనే ఎవరికీ వినపడదు, నవ్వు ఎవరికి వినపడుతుంది?

"అయినా సరే, మార్చేయవే," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

కొంపదీసమ్మ అక్క చేతి వంకే చూస్తోంది. ఇంకా నోటి దగ్గరే ఉన్న ఆ చెయ్యి.

"మార్చనక్కా."

"నీకేం పుట్టిందే? బల్లి కిందపడితే వీధంతా లేపేదానివి."

"భయంగానే ఉంది. కాళ్ళు చల్లబడిపోయాయి, కావాలంటే పట్టుకు చూడు. అయినా మార్చను."

శుక్రవారం పొద్దున పత్రిక ఆఫీసుకి తనే ఫోను చేసింది. కూతురు పక్కనే నిలబడింది, అమ్మ ఎక్కడ 'అలాగే' అనేస్తుందోనని.

"మాటలు మార్చారా మేడమ్?"

"లేదు బాబూ. మార్చను."

"ఎడిటర్‌గారు ఒప్పుకోరండీ."

"ఒప్పుకోకపోతే వేయకండి."

"పోనీ మధ్యేమార్గంగా 'విశాలమైన ఇల్లు' అందామా?"

"విశాలం మంచి మాట బాబూ. గాలి వస్తుంది, పిల్లలు ఆడుకుంటారు. ఆ ఇంట్లో అవేమీ లేవు. పెద్దది, అంతే."

"మీరు ఏమీ అనుకోనంటే ఒకటి అడుగుతాను. అలాంటి ఇళ్ళు మీరెప్పుడైనా చూశారా?"

"చూశాను. వెనక వైపు నుంచి."

అతను ఏదో అనబోయి ఆగాడు. ఆమె మాత్రం ఆగలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆగడం ఎలాగో తెలియలేదు.

"పెద్దిల్లు కనపడితే మీకు ఎంత బాగుందో అనిపిస్తుంది. నాకు, అందులో పడితే ఎవరికి వినపడుతుంది అనిపిస్తుంది. మీ కథలో మీ మాట పెట్టుకోండి. ఇది నా కథ. ఇందులో నా భయమే ఉండాలి. లంక తగలబడిందన్నారు. తగలబడిన ఇల్లు కాబట్టే ఆ మాట రాశాను."

ఫోను పెట్టేసి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. "కొంప మునిగింది," అంది.

"మునగనీ," అంది కూతురు, పక్కనే చతికిలబడుతూ.

ప్రత్యేక సంచిక వచ్చింది. అందులో కథ లేదు. రాదని తెలిసినా ఆమె అట్ట నుంచి అట్ట దాకా తిరగేసింది, పేజీలు ఏమైనా అతుక్కున్నాయేమోనని గోటితో విడదీసి కూడా చూసింది. ఆ రోజు కూరలో ఉప్పు మరిచిపోయింది. డ్రైవరుగారు మాట్లాడకుండా తినేశాడు. పాపం ఆయన కూడా కష్టపడ్డాడు.

ఆమె ఆశ వదులుకున్నాక, మామూలు సంచికలో, చివరి పేజీల్లో, తలనొప్పి మాత్రల ప్రకటనకీ పరుపుల ప్రకటనకీ మధ్య కథ వచ్చింది. లంకంత ఇల్లు లంకంత ఇల్లుగానే ఉంది. జారే నేల జారుతూనే ఉంది. బొమ్మ వేసినతనికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. గోపురాలు, ఫౌంటెను, మెట్ల మీద ఒక నెమలి.

"మా ఆఫీసు బొమ్మలతనే అయ్యుంటాడు," అంది కూతురు. "మేం గ్యారేజీకి కూడా నెమలిని వేస్తాం."

డ్రైవరుగారు ఆ సంచిక బస్సులో స్టీరింగు ముందు పెట్టుకుని తిరిగాడు. కండక్టరు చదివి, ఎక్కినవాళ్ళకల్లా చూపించాడు.

మూడో రోజు బావగారు ఫోను చేశాడు.

"ఏమ్మా, లంకంత కొంపా మాది?"

"కొంప అనలేదు బావగారూ, ఇల్లు అన్నాను. మీదని కూడా రాయలేదు."

"మరెవరిది?"

"మనిషి జారిపడి పిలిస్తే ఎవరూ రాని ఇల్లు బావగారూ అది. అది మీ ఇల్లే అంటే, మీదే."

"ఇక నువ్వు మా ఇంటికి రానక్కర్లేదు," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఇన్నేళ్ళూ వస్తుంది వస్తుందని గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన ఉపద్రవం ఇదిగో, రానే వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చుని కాసేపు దాని వంక చూసింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర బీరువాలోంచి తీసింది.

"ఎక్కడికి?" అన్నాడు డ్రైవరుగారు.

"అక్క దగ్గరికి."

"రావద్దన్నారుగా."

"అన్నది బావగారు. అక్క అనలేదు."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. "సరే వెళ్ళు. తోక జాగ్రత్త."

ఈసారి పక్క గేటు వైపు తిరగలేదు. పెద్ద గేటు తెరుచుకుని, మెట్లెక్కి, ముందు గుమ్మం బెల్లు నొక్కింది. మోగిందో లేదోనని ఇంకోసారి నొక్కింది. తలుపు తీసింది పనిమనిషి. హాల్లో సోఫాలో కూర్చున్న బావగారు పేపరు కిందకి దించి చూశాడు. రమ్మనలేదు. పొమ్మనడానికి కూడా ఆయనకి వెంటనే నోరు రాలేదు. ఆ గుమ్మంలో ఆమెని చూడటం ఆయనకి కొత్త.

నేల అప్పుడే తుడిచినట్టుంది, తడి మెరుస్తోంది. ఆమె చెప్పులు విడిచి ఒక్కో అడుగూ వేసుకుంటూ హాలు మధ్యకి వచ్చింది. తల మీద గాజు దీపాల గుత్తి వేలాడుతోంది. దాన్ని చూసింది, గొలుసు ఎంత పాతదోనని అనుమానపడింది, దాని కిందే నిలబడింది.

"అక్కా," అని పిలిచింది. ఆ గొంతు సోఫా దాకా కూడా వెళ్ళలేదు.

ఊపిరి నిండా పీల్చుకుంది.

"అక్కా, నేనొచ్చాను."

తల మీద గాజు ముక్కలు గలగలమన్నాయి. బావగారి చేతిలో పేపరు కదిలింది. పనిమనిషి తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ కేక హాలు దాటి, భోజనాల గది దాటి, వరండా పట్టుకుని వెనక్కి వెళ్ళింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంటి చివరి నుంచి, వీధి చివర పిల్లలని వెనక్కి తిప్పిన ఆ పాత గొంతు వచ్చింది.

"వినపడిందిలేవే, చెవులు పగిలేలా అరవకు. నేల తడిగా ఉంటుంది, ఉన్నచోటే ఉండు. నేనే ముందుకొస్తున్నాను."